దిద్దుబాటు ఎవరి చేతిలో?

2019లో ఒక వానాకాలపు సాయంత్రం బొబ్బిలిలో మా ఇంటికి ఒక అమ్మాయి రెండు కాగితాలు పట్టుకుని వచ్చింది. డిగ్రీలో ఆమెకి నేను కొన్నాళ్లు తెలుగు పాఠాలు చెప్పాను. అప్పటికి విశాఖపట్నంలో జర్నలిజం చదువుతూ, సెలవుల్లో ఒక దినపత్రికకి వార్తలు రాస్తోంది. ఒక కాగితం ఆమె చేత్తో రాసుకున్న కథనం, నాలుగు పేజీలు. రెండోది అచ్చయిన కత్తిరింపు, అరచెయ్యంత. "మేడమ్, రెండూ చదివి ఏది నాదో చెప్పండి" అంది. రెండిటిలోనూ విషయం ఒకటే. సాలూరులో గిరిజన గర్భిణుల కోసం తెరిచిన వసతి గృహం.

బొబ్బిలికి సాలూరు దగ్గరే. బొబ్బిలి జంక్షన్ నుంచి అక్కడిదాకా ఒక రైలు కొమ్మ ఉంది. సాలూరు దాటితే కొండలు. ఆ కొండల మీది ఊళ్లకి ఏళ్ల తరబడి రోడ్డు లేదు. నొప్పులొచ్చిన మనిషిని కర్రకి కట్టిన గుడ్డలో, డోలీలో కూర్చోబెట్టి భుజాల మీద దించుకురావాలి. దారిలోనే కాన్పయిన వాళ్లున్నారు, దారిలోనే పోయిన వాళ్లున్నారు. 2018లో పార్వతీపురం ఐటిడిఏ వాళ్లు సాలూరులోని యువజన శిక్షణ కేంద్రం భవనంలో ఈ వసతి గృహం మొదలుపెట్టారు. గిరిశిఖర గ్రామాల గర్భిణులు నెలలు నిండకముందే కిందికి దిగి వచ్చి అక్కడ ఉండొచ్చు. తిండి ఉంటుంది, పరీక్షలు చేస్తారు, నొప్పులొచ్చేసరికి ఆసుపత్రి దగ్గర్లో ఉంటుంది. ఇది ప్రాణాలు నిలబెట్టే పని. ఆ విషయంలో ఆ అమ్మాయికీ నాకూ అప్పుడు సందేహం లేదు, ఇప్పుడూ లేదు.

మరి రెండు కాగితాలకీ తేడా ఎక్కడొచ్చింది?

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నా చూపు ముందు వాక్యాల మీదికే పోయింది. చేతిరాతలో స్త్రీలు వచ్చారు, దిగారు, భయపడ్డారు, వంట రుచిలేదన్నారు, ఇంటికి పోతామన్నారు, ఉండిపోయారు. ప్రతి వాక్యానికీ వాళ్లే కర్తలు. అచ్చయిన దాంట్లో ఆ స్త్రీలు "గర్భిణులకు", "వారిని", "వారి కోసం" అయిపోయారు. విభక్తి ప్రత్యయం లేకుండా ఒక్కచోట కూడా వాళ్లు నిలబడలేదు. క్రియలన్నీ ఇంకెవరివో. తరలించారు, కల్పించారు, అందించారు, ఆదుకున్నారు. ఒక్క అబద్ధం లేదు. అయినా కొండ దిగి వచ్చిన మనిషి ఆ కాలమ్‌లో ఎక్కడా నడవలేదు.

రెండో తేడా ఇంకా పెద్దది. చేతిరాతలో చివరి మూడు పేరాలు అచ్చులో లేవు. వాటిలో ఆ అమ్మాయి అడిగి రాబట్టిన సంగతులున్నాయి. తల్లి కాన్పుకి ముందే ఇల్లు వదిలి ఇక్కడుంటే పెద్దపిల్లల్ని ఎవరు చూస్తున్నారు? పోడులో కలుపు ఎవరు తీస్తున్నారు? కొన్ని ఇళ్లలో అత్తగారు, కొన్ని ఇళ్లలో తొమ్మిదేళ్ల పెద్దపిల్ల. ఆ పిల్ల ఆ రోజుల్లో బడికి పోదు. ఒక సమస్యకి దొరికిన పరిష్కారం ఖర్చు ఇంకో ఆడపిల్ల పద్దులో పడింది. ఇది రాసినంత మాత్రాన వసతి గృహం చెడ్డదైపోదు. దాన్ని ఇంకా బాగా నడపాలంటే ఏం కావాలో తెలుస్తుంది. రోడ్డు ఊరికి వెళ్లలేదు కాబట్టి కడుపుతో ఉన్న మనిషే రోడ్డు దగ్గరికి వచ్చింది. ఈ వాక్యం చేతిరాతలో లేదుగాని, ఆ మూడు పేరాల అర్థం ఇదే. డెస్కులో ఎవరో వాటిని "నెగెటివ్" అన్నారట.

అప్పటినుంచీ ఈ రెండు కాగితాల మధ్య ఉన్న దూరాన్ని గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. మన పత్రికల మహిళా పేజీల్లో, జిల్లా అనుబంధాల్లో "విజయగాథ" అనే ప్రక్రియ ఒకటి స్థిరపడింది. దాన్ని ప్రక్రియ అనే అంటాను, ఎందుకంటే కావ్యానికి ఉన్నట్టే దానికీ లక్షణాలున్నాయి. పేదరికంతో మొదలవుతుంది. ఒక కష్టం వస్తుంది. "అయినా ఆమె కుంగిపోలేదు" అనే వాక్యం తప్పనిసరి. తర్వాత ఒక రుణమో, శిక్షణో, అధికారి ప్రోత్సాహమో. చివర ఆమె నవ్వుతున్న ఫొటో, పదిమందికి ఆదర్శం. ఇందులో నాకు కనిపించే ఇబ్బంది అతిశయోక్తి కంటే లోతైనది. గాథలో పది మంది కలిసి చేసిన పని ఒకరిదవుతుంది. ఆ ఒకరు గెలవగలిగారు కాబట్టి గెలవని మిగతావాళ్లది వాళ్ల తప్పే అన్న అర్థం అడుగున దాగి ఉంటుంది. బాధితురాలి మూస నుంచి స్త్రీని తప్పిస్తున్నాం అనుకుంటూ ఆదర్శమూర్తి మూసలోకి నెడుతున్నాం. రెండిట్లోనూ ఆమెకి చిరాకు పడే హక్కు, ఓడిపోయే హక్కు ఉండవు.

ఆ అమ్మాయి రాయాలనుకున్నది వేరే రకం. దానికి పాశ్చాత్య దేశాల్లో ఇప్పుడొక పేరుంది, సొల్యూషన్స్ జర్నలిజం అని. 2013లో అమెరికాలో డేవిడ్ బోర్న్‌స్టీన్, టీనా రోజెన్‌బర్గ్, కోర్ట్నీ మార్టిన్ ఒక సంస్థ పెట్టి దీన్ని పాఠంగా చెప్పడం మొదలుపెట్టారు. వాళ్లు చెప్పేవి నాలుగు విషయాలు. ఒక సమస్యకి ఎవరు ఎలా స్పందించారో రాయాలి. అందులోంచి ఇంకొకరు నేర్చుకోగలిగిందేమిటో చెప్పాలి. పని జరిగిందనడానికి ఆధారం చూపాలి. ఎక్కడ ఆగిపోయిందో, ఎవరికి అందలేదో దాచకూడదు. నాలుగోది తీసేస్తే మిగిలేది విజయగాథే. సాలూరు కథనంలో కోతపడింది సరిగ్గా ఆ నాలుగోదే.

అయితే పరిష్కారం చెప్పే కథ మనకి పరాయి దేశంనుంచి రావలసిన అవసరం లేదు. ఆధునిక తెలుగు కథానిక పుట్టుకే అక్కడుంది. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లో 'హిందూ సుందరి'లో వచ్చింది. అందులో భార్య మాట భర్తని తప్పుదారి నుంచి వెనక్కి తిప్పుతుంది. 1910లో గురజాడ 'దిద్దుబాటు' వచ్చింది. సానిపాటలు విని అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన గోపాలరావుని కమలిని ఒక ఉత్తరంతో, ఒక చిన్న నాటకంతో దారిలో పెడుతుంది. ఏది మొదటి కథ అన్న చర్చ మన స్త్రీవాద విమర్శకులు చాలా చేశారు, అవసరమైన చర్చే. నాకు ఆసక్తి కలిగించేది ఇంకొకటి. రెండు కథల్లోనూ సమస్య మగవాడిది, పరిష్కరించే పని ఆడదానిది. సహనం, తెలివి, చమత్కారం అన్నీ ఆమె పెట్టుబడి పెట్టాలి. కమలిని చదువుకున్నది కాబట్టి ఉత్తరం రాయగలిగింది, అది ఆ కథ గొప్పతనం. కానీ ఆమె గెలుపు మంచం కింద దాక్కుని నవ్వడంతో ముగుస్తుంది. గోపాలరావు రేపు మళ్లీ వెళితే? ఆ పాట పాడిన మనిషికి ఈ ఇంటి దిద్దుబాటులో చోటెక్కడ? కథకి ఆ నాలుగో పేరా లేదు. విజయగాథ లక్షణాలు మనకి ఎంత పాతకాలంనుంచి అలవాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ అలవాటుని ప్రశ్నించిన సంప్రదాయం కూడా ఈ నేలమీదే ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారి 'యజ్ఞం' 1964 నాటిది. అందులో ఊరు పైకొచ్చింది. అభివృద్ధి కళ్లకి కనిపిస్తోంది. పంచాయితీ తీర్పు పద్ధతి ప్రకారమే ఉంది. అంత బాగుపడిన ఊళ్లో అప్పు తీర్చలేని ఒక కూలి కుటుంబం తరతరాలకీ పాలేరుతనంలోకి ఎందుకు జారిపోతుందన్న ప్రశ్నే కథ. బాగుపడింది ఊరే అయితే చితికిపోయింది ఎవరు అని అడగడం ఉత్తరాంధ్ర కథ మనకి నేర్పింది. ఆ అమ్మాయి డిగ్రీలో ఈ కథ చదివింది. సాలూరు వెళ్లినప్పుడు ఆమె అడిగిన ప్రశ్న ఏ జర్నలిజం పాఠంలోదో కాదని, 'యజ్ఞం' లోంచి వచ్చిందని నా నమ్మకం.

బొబ్బిలిలో పుట్టిన పిల్లలు రాయడం మొదలుపెడితే మొదటి వ్యాసం ఏదో అందరికీ తెలిసిందే. 1757 యుద్ధం, లేకపోతే గొల్లపల్లిలో పనసచెక్కతో చేసే వీణ. నేనూ రాశాను. ఇప్పుడు ఆ యుద్ధం కథ విన్నప్పుడల్లా ఒక చోట ఆగిపోతాను. కోట పడిపోతుందని తెలిసినప్పుడు లోపలున్న స్త్రీలని, పిల్లలని వాళ్ల సొంత మగవాళ్లే శత్రువుకి చిక్కకుండా చంపేశారు. దాన్ని మనం పౌరుషం అని చెప్పుకుంటూ వచ్చాం. అది కూడా ఆ క్షణంలో ఒక "పరిష్కారమే". ఎవరి ప్రాణం గురించి ఎవరు తేల్చారు, తేల్చినవాళ్లు కథని ఎలా చెప్పుకున్నారు? పోలిక పెద్దదని తెలుసు. వసతి గృహానికీ కోట మంటలకీ సంబంధం లేదు. పరిష్కారం అనే మాట వినగానే స్త్రీవాదులు అడగాల్సిన మొదటి ప్రశ్న మాత్రం రెండుచోట్లా ఒకటే.

సారా ఉద్యమం రోజుల్లో మన పత్రికలు ఈ ప్రశ్నకి దగ్గరగా వచ్చాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా పాఠాల దగ్గర మొదలైన స్త్రీల కదలిక 1992లో రాష్ట్రమంతా పాకింది. 'ఈనాడు' "సారాపై సమరం" పేరుతో రోజూ వార్తలు వేసింది. ఒక ఊరి ఆడవాళ్లు దుకాణం ఎలా మూయించారో చదివి ఇంకో ఊరివాళ్లు మూయించారు. పరిష్కారం ఒక చోటనుంచి ఇంకో చోటికి అక్షరాల మీద ప్రయాణం చేసింది. అప్పుడు స్త్రీలు వాక్యాల్లో కర్తలే. కట్టారు, కొట్టారు, పారబోశారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. ఆ సడలింపు వెనుక ప్రభుత్వ ఆదాయం ఉంది, రాజకీయం ఉంది. కానీ మనలో ఎంతమందికి ఉద్యమం గెలిచిన ఏడాది గుర్తుంది, ఎంతమందికి సడలించిన ఏడాది గుర్తుంది? గెలుపుకి పేజీ దొరుకుతుంది, తర్వాతి సంవత్సరాలకి దొరకదు. పరిష్కారానికి వయసు ఉంటుందని, అది కూడా ముసలిదవుతుందని, ఒక్కోసారి దాన్ని చంపేస్తారని చెప్పడానికి మళ్లీ మళ్లీ వెళ్లేవాళ్లు కావాలి.

మళ్లీ మళ్లీ వెళ్లినవాళ్లు మనకున్నారు. వాళ్లలో చాలామంది జర్నలిజం డిగ్రీలు లేనివాళ్లు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, చిన్న కమతాల రైతులు, కెమెరా పట్టారు. వరంగల్ పత్తి రైతుల పొలాలకి మూడేళ్లపాటు తిరిగి బీటీ పత్తి మీద 2005లో చిత్రం తీశారు. ఒక సీజన్ చూసి తీర్పు చెప్పలేదు. ఆ స్త్రీలు కెమెరా కోణాలకి పెట్టుకున్న పేర్లు నేను పరిశోధన చేసేరోజుల్లో విని చాలాసేపు మాట్లాడలేకపోయాను. పైనుంచి కిందికి చూపించేది పటేల్ షాట్. కిందనుంచి పైకి చూపించేది బానిస షాట్. కళ్లకి కళ్లు సమానంగా ఉండేది సంఘం షాట్. నేను ఏళ్ల తరబడి పుస్తకాల్లో చదువుకున్న దృక్కోణ సిద్ధాంతం మూడు మాటల్లో తేలిపోయింది. 2008లో వాళ్లే సంఘం రేడియో ప్రసారాలు మొదలుపెట్టారు. చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల స్త్రీలు 2001 నుంచి 'నవోదయం' పత్రికకి తామే వార్తలు రాసుకున్నారు. ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో మొదలైన 'ఖబర్ లహరియా' కాగితం మీదినుంచి ఫోన్ తెరమీదికి మారింది. ఈ ముగ్గురికీ పోలిక ఒకటే. సమస్య ఉన్నచోటే రాసేమనిషి ఉంది కాబట్టి రాసి వెళ్లిపోవడం కుదరదు.

ఆ అమ్మాయి విజయగాథ నచ్చలేదని అలిగి వృత్తి మానెయ్యలేదు. ఆమె దారి గురించి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే అందులో నా తప్పు కూడా ఉంది.

చదువయ్యాక ఆమె ముందు రెండు దారులున్నాయి. మండలంలో కంట్రిబ్యూటర్‌గా ఉండడం, లేకపోతే హైదరాబాదులో ఒక వెబ్‌సైట్ డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేరడం. డెస్కు అంటే నాకు మంట. ఫీల్డు మగపిల్లలకి, డెస్కు ఆడపిల్లలకి అనే విభజన పత్రికా కార్యాలయాల్లో ఎంత పాతదో తెలుసు. వంటింటికి ఇంకో పేరు అనిపించేది. "కొండలు వదిలేసి కుర్చీలోకి పోతావా" అని కాస్త కటువుగానే అన్నాను. ఆమె కోప్పడలేదు. లెక్క చెప్పింది. కంట్రిబ్యూటర్‌కి వచ్చేది లైన్ అకౌంట్, అచ్చయిన లైన్లకే డబ్బు. ఆ నాలుగు పేజీల్లో అచ్చయింది అరచెయ్యంత కాబట్టి ఆమెకొచ్చింది బస్సు ఛార్జీకి చాలలేదు. ప్రకటనలు తెమ్మంటారు. రాత్రి వార్తకి బండి వేసుకుని పోతే మర్నాడు ఊళ్లో ఆమే వార్త అవుతుంది. "మేడమ్, నా మూడు పేరాలు కొట్టేసింది కొండమీద ఎవరూ కాదు కదా. కుర్చీలో కూర్చున్న మనిషే కదా. ఆ కుర్చీలో నేను కూర్చుంటాను" అంది.

నాకు జవాబు దొరకలేదు. స్వేచ్ఛని నేను బయట తిరగడంతో కొలిచాను, ఆమె వాక్యం మీద అధికారంతో కొలిచింది. జీతం నెలకి ఒకసారి కచ్చితంగా వచ్చే మనిషికి, లైనుకింత అని వచ్చే మనిషికి తేడా నా సిద్ధాంతంలో లేకపోయింది. విశ్వవిద్యాలయంలో కూర్చుని ఇంకొకరిని కొండ ఎక్కమనడం కూడా ఒకరకం పటేల్ షాటే.

2021లో ఆమె వెబ్ డెస్కులో చేరింది. వెబ్‌సైట్‌లో ఎడిటింగ్ అంటే అచ్చుతప్పులు దిద్దడం అనుకునేదాన్ని. ఆమె పనిని దగ్గరగా చూశాక అది పూర్తిగా ఒక విమర్శకురాలి పని అని అర్థమయింది. శీర్షిక, ఫొటో, ఫొటో కింద రాత, మొదటి పేరా, ఏ పాత కథనానికి లంకె వెయ్యాలి, ఏ పదంతో వెతికితే ఈ కథనం దొరకాలి. ఎవరూ సంతకం పెట్టని ఈ చిన్న చిన్న నిర్ణయాల్లోనే స్త్రీ కర్త అవుతుందో కర్మ అవుతుందో తేలిపోతుంది. డోలీ అనగానే ప్రతిసారీ అదే పాత ఫైల్ ఫొటో వేస్తారు. ఎప్పుడో ఎక్కడో మోసుకొచ్చిన ఒక మనిషి ముఖం, నొప్పితో వంకర్లు పోయిన ముఖం, ఇంకో వందమంది కథలకి బొమ్మ అవుతుంది. ఆమెనెవరైనా అడిగారా? ఈ అమ్మాయి తన డెస్కులో ముందు ఆ ఫొటో మీదే పోట్లాడింది. దారి ఫొటో వెయ్యండి, మనిషిది వద్దు అంది. సమస్య దారిదే కదా.

తర్వాత సెలవు పెట్టుకుని మళ్లీ సాలూరు వెళ్లింది. ఈసారి కోసేసిన మూడు పేరాలతో సహా, కొత్తగా తెలిసినవి చేర్చి, కథనం పెట్టింది. అన్నీ ఆమె అనుకున్నట్టు జరగలేదు. ఎవరూ తెరిచి చూడడం లేదని రెండోరోజుకే శీర్షిక మార్చారు. "ఆదుకున్న" అనే మాట వెనక్కి వచ్చింది. అంకెలు చూసి తీర్పు చెప్పే ఆ లోకంలో సంఘం షాట్‌కి గిరాకీ తక్కువ. అచ్చుకాగితంలో పైవాడు కోస్తే, తెరమీద క్లిక్కులు కోస్తాయి. కాబట్టి సాధనం మారితే స్త్రీల గొంతు దానంతటదే వినిపిస్తుందన్న ఆశ నాకు లేదు. అయితే తెరకి అచ్చుకి లేని గుణం ఒకటుంది. రాసింది మూసుకుపోదు. కిందటిసారి ఇలా ఉంది, ఈసారి ఇలా ఉంది అని అదే కథనంలో తేదీ వేసి చేర్చవచ్చు. సారా ఉద్యమానికి మనకి లేకపోయింది ఇదే.

స్త్రీవాద విమర్శ ఇన్నాళ్లూ కథలో స్త్రీ పాత్రని చదివింది, కవిత్వంలో స్త్రీ శరీరాన్ని చదివింది. రోజూ లక్షలమంది చదివే జిల్లా పేజీ విజయగాథని, వెబ్‌సైట్ శీర్షికని మనం సాహిత్యం కాదని వదిలేశాం. మన పల్లెల స్త్రీల గురించి ఎక్కువమంది చదివేది మాత్రం వాటినే. ఆ వాక్యాల విభక్తుల్ని చదవడం కూడా మన పనే అనుకుంటున్నాను. చేతిరాతకీ అచ్చుకీ మధ్య పోయిన మూడు పేరాల్ని వెతకడం మన పరిశోధనే.

2024 డిసెంబరులో సాలూరు ప్రాంతపు గిరిశిఖర గ్రామాల రోడ్లకి శంకుస్థాపన జరిగింది. ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. పాత కథనం కింద ఒక వాక్యం చేర్చాలి. "రోడ్డు వస్తోంది" అని డెస్కులో రాశారు. ఆమె దాన్ని కొట్టేసి "రోడ్డుకి శంకుస్థాపన జరిగింది" అని దిద్దింది. "సరిగ్గానే దిద్దానా మేడమ్?" అని అడిగింది. నేను డిగ్రీలో చెప్పిన పాఠం ఆమె నాకు తిరిగి అప్పజెబుతున్నట్టు అనిపించింది.

ఆమె దగ్గర ఒక చిన్న నోటుపుస్తకం ఉంది. మళ్లీ వెళ్లాల్సిన ఊళ్ల పేర్లు, పక్కన తేదీలు రాసుకుంటుంది. ఆ రాత్రి ఆ పుస్తకంలో సాలూరు పేరు మూడోసారి రాశానని చెప్పింది. ఈసారి తేదీ దగ్గర ఖాళీ వదిలిందట. పక్కన మాత్రం ఒక ప్రశ్న రాసుకుంది. రోడ్డు పడ్డాక ఆ పెద్దపిల్ల బడికి పోతోందా?